పీ, ఎల్, కే

బోస్టన్ పక్కన ఒక చిన్న రిపేరు షాపులో పనిచేస్తున్నాను. అమెరికాలో చదువయ్యాక పనిచేయడానికి విద్యార్థులకిచ్చే అనుమతి ఓపీటీ. అందులో ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది 90 రోజులు. అందులో 71 కరిగిపోయాక దొరికిన పని ఇది. "అక్కడ ఏం చేస్తావురా?" అన్నారు నాన్న. "చుక్కలు బాగుచేస్తాను" అన్నాను. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు.

చూపు లేనివాళ్లు కంప్యూటర్లో ఉన్నది వేళ్లతో చదువుకునే బ్రెయిలీ డిస్‌ప్లేలు మేం బాగుచేసేవి. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవాటిలో 40 గళ్లు, గడికి 8 చుక్కలు, అంటే 320 సన్నటి పుల్లలు. ఒక్కో పుల్లకూ ఒక పీజో రేకు. దానికి 200 వోల్టులదాకా ఇస్తే వంగి, పుల్లను పైకి నెడుతుంది. లేచేది మిల్లీమీటరు కూడా ఉండదు. లైను మారగానే అవి దిగి వేరేవి లేస్తాయి. ధర వేల డాలర్లు కాబట్టి పాడైతే ఎవరూ పారేయరు.

రోగం మామూలుగా వేళ్ల జిడ్డో, బిస్కెట్ పొడో. పుల్లను పట్టకారుతో లాగి, ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి మళ్లీ అదే రంధ్రంలో దించాలి. మధ్యలో తుమ్ము వచ్చిందా, అంతే సంగతులు.

చేరిన కొత్తలో ఒకటి బాగుచేశాను. చుక్కలన్నీ లేపి, భూతద్దంతో చూసి, ఓకే అనుకున్నాను. తీసుకోవడానికి వచ్చిన పెద్దావిడ ఒక్కసారి వేలు జరిపి, "27వ గడిలో అయిదో చుక్క మెత్తగా ఉంది" అంది. నిజమే. లేచి ఉంది కానీ, నొక్కితే కుంగిపోతోంది. నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

అప్పట్నుంచి కళ్లు మూసుకుని వేలితోనే చూస్తున్నాను. దానికోసం భారతి బ్రెయిలీ నేర్చుకున్నాను. మన భాషలన్నిటికీ కలిపి 1951లో ఖరారు చేసింది. అందులో ప, ల, క అంటే ఇంగ్లిష్ పీ, ఎల్, కే గళ్లే. అకారం విడిగా రాయక్కర్లేదు. టెస్ట్ ఫైల్లో మొదటి లైను నిండా 'పలక' అని కొట్టాను.

ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు అది తుడపడం మర్చిపోయాను. వేలు జరుపుతూ ఆగింది. "పీ ఎల్ కే, పీ ఎల్ కే... ఏమిటిది?"

"మా భాషలో స్లేటండీ."

"నేను చిన్నప్పుడు బ్రెయిలీ రాసింది స్లేటు మీదే" అని (కాగితం మీద చుక్కలు పొడిచే చట్రాన్నీ స్లేటనే అంటారు), లైను చివరిదాకా చదివి, ఈసారి తప్పేమీ చెప్పలేదు.

షాపులో అందరూ ఇప్పుడు దాన్ని పీఎల్‌కే ఫైల్ అంటారు.