ఇబర్‌విల్ వీధి మెట్లు

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు కారులో ఐదున్నర గంటల దారి. మా అల్లుడికి అక్కడ రెండు రోజుల ఆఫీసు పని పడింది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు మామయ్యగారూ, నాతో రండి, మిసిసిపీ నది చూసినట్టుంటుంది" అన్నాడు. కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చినవాడికి మూడో నెలలో ఎవరు ఎక్కడికి పిలిచినా తీర్థయాత్రే. రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, ఒక డబ్బాలో పులిహోర సర్దుకుని బయలుదేరాను.

బయలుదేరే ముందు ఆస్టిన్‌లో చదువుకుంటున్న మనవరాలు ఫోను చేసింది. "తాతయ్యా, నాకొక పని చేసిపెట్టాలి. అక్కడ ఇబర్‌విల్ వీధిలో ఫుట్‌పాత్ మీద ఒక ఫలకం ఉంటుంది. దాని ఫొటో తీసి పంపు. కాలేజీలో వ్యాసం రాస్తున్నాను" అంది. దేని గురించి అని అడిగాను. "ఒక చిన్న సంఘం గురించి. నీకు ఇష్టమైన విషయమేగా" అని నవ్వింది. నిజమే. మా ఊరి చర్చి సంఘానికి ఇరవై రెండేళ్లు కోశాధికారిగా ఉన్నాను. సంఘం అనే మాట వినబడితే చందా పుస్తకం, కానుక సంచి, పైకప్పు మరమ్మతు, వాటి చుట్టూ జరిగే తగాదాలు అన్నీ కళ్ల ముందుకు వస్తాయి.

దారి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. లూసియానాలోకి వచ్చాక అచాఫలాయా అనే చిత్తడి అడవి మీదుగా 29 కిలోమీటర్ల పొడవున ఒకటే వంతెన. ప్రకాశం బ్యారేజీ దాటడమే పెద్ద ప్రయాణంగా పెరిగినవాణ్ణి, కిటికీ నుంచి తల తిప్పలేదు. నీళ్లలో నిలబడ్డ చెట్లు, వాటికి గడ్డంలా వేలాడే బూడిదరంగు నాచు.

మర్నాడు పొద్దున అల్లుడు ఆఫీసు పనికి వెళ్లిపోయాడు. నేను కెనాల్ వీధి దాటి ఫ్రెంచ్ క్వార్టర్‌లోకి నడిచాను. మే నెలాఖరు. ఎండ మన కోస్తా ఎండలాగే ఉంది, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇబర్‌విల్ వీధి, చార్టర్స్ వీధి కలిసే మూలలో మూడంతస్తుల పాత భవనం. కింద బారు. ఫలకం గోడ మీద ఉంటుందనుకుని పైకి చూస్తూ రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిరిగాను. అది కాళ్ల కిందే ఉంది. జనం దాని మీదనుంచే నడిచి వెళుతున్నారు. ఒక పక్కన సిగరెట్ పీక, మధ్యలో నల్లగా మారిపోయిన చూయింగ్ గమ్ మరక. మోకాళ్లు సహకరించకపోయినా గోడ పట్టుకుని కూర్చుని చేతిరుమాలుతో తుడిచాను. పేర్లు ఒక్కొక్కటిగా తేలాయి. నన్నెవరూ పట్టించుకోలేదు. ఆ వీధిలో నేల మీద కూర్చున్న ముసలివాళ్లను చాలామందినే చూసి ఉంటారు.

అక్కడే కూర్చుని మనవరాలికి ఫోను చేశాను. నేను చూస్తున్నదేమిటో ఆమె చెప్పుకుంటూ వచ్చింది. నేను విన్నది, హోటలుకు వచ్చాక ఆమె పంపిన కాగితాలు చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ సంఘానికి తల్లి సంఘం కాలిఫోర్నియాలో పుట్టింది. ట్రాయ్ పెరీ అనే పెంతెకొస్తు బోధకుణ్ణి, స్వలింగ ప్రేమికుడని తెలిశాక అతని సంఘం సేవ నుంచి తొలగించింది. 1968 అక్టోబర్ 6న లాస్ ఏంజెలెస్ దగ్గర హంటింగ్టన్ పార్క్‌లో తన ఇంటి ముందు గదిలోనే ఆరాధన పెట్టాడు. వచ్చినవాళ్లు పన్నెండు మంది. దానికి మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి అని పేరు పెట్టుకున్నారు. మిగతా సంఘాలు వెలివేసినవాళ్లకు కూడా ప్రభువు బల్ల దగ్గర చోటుండాలన్నది వాళ్ల పట్టుదల. బల్ల దగ్గరికి ఎవరు వచ్చినా రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. సభ్యత్వం ఉందా, బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నావు అని అడగరు. ఈ మాట విన్నప్పుడు నాలోని కోశాధికారికి లోపల ఎక్కడో చిరాకు కలిగిందని ఒప్పుకోవాలి. లెక్కాపత్రం లేకుండా సంఘం ఎలా నడుస్తుంది?

నడిచింది. నాలుగైదేళ్లలో ఊరూరా చిన్న చిన్న సంఘాలు లేచాయి. న్యూ ఆర్లీన్స్‌లోనూ 1970ల ఆరంభంలో కొద్దిమంది పోగయ్యారు. బిల్ లార్సన్ వాళ్లకు కాపరి, అంటే పాస్టరు, అయ్యాడు. గుడి కట్టుకునే స్తోమత లేదు. ఈ మూల భవనం రెండో అంతస్తులో 'అప్‌స్టెయిర్స్ లౌంజ్' అని ఒక బారు ఉండేది. దాని వెనక, సరదా నాటకాలు వేసుకునే చిన్న గది. కొంతకాలం ఆదివారం ఆరాధన ఆ గదిలోనే జరిగింది.

"బారులో ఆరాధనా?" అన్నాను అప్రయత్నంగా.

"ఇంకెవరు చోటిచ్చారు తాతయ్యా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. జీవితంలో బారు గడప తొక్కనివాణ్ణి, బారు ముందు నేల మీద కూర్చుని ఆ మాట అడుగుతున్నాను.

తర్వాత ఆరాధన వేరే చోటికి మారినా, ఆదివారం సాయంత్రాలు సంఘంలో కొందరు ఇక్కడికి రావడం మానలేదు. పియానో ఉండేది, చుట్టూ నిలబడి పాడుకునేవారు. మన దగ్గర ఆరాధన అయ్యాక చర్చి వరండాలో గంటసేపు నిలబడి కబుర్లు చెప్పుకున్నట్టే అనుకున్నాను. కాకపోతే వీళ్లు అలా పగటిపూట వరండాలో నిలబడగలిగే రోజులు కావు.

1973 జూన్ 24 ఆదివారం. రాత్రి ఎనిమిది కావస్తోంది. లోపల అరవై మందికి పైగా ఉన్నారు. కింద గంట మోగింది. ఎవరో టాక్సీ డ్రైవరు వచ్చాడనుకుని మెట్ల వైపు తలుపు తీశారు. మంట ఒక్కసారిగా లోపలికి ఎగసింది. చెక్క మెట్ల మీద లైటర్లలో వాడే ద్రవం పోసి ఎవరో నిప్పు పెట్టారు. చాలామందికి తెలిసిన దారి ఆ మెట్లే. పెద్ద పెద్ద కిటికీలు ఉన్నాయి కానీ వాటికి ఇనుప చువ్వలు. సన్నటివాళ్లు కొందరు సందుల్లోంచి దూరి కిందికి దూకారు.

బడీ రాస్ముసెన్ అని బారులో పనిచేసే మనిషి మాత్రం నిబ్బరం కోల్పోలేదు. తన వెంట రమ్మని ఇరవై మంది దాకా వెనక గదిలోంచి పక్క భవనం మిద్దె మీదికి తీసుకెళ్లాడు. ఆ వెనక గది ఏదో చెప్పాను కదా. ఒకప్పుడు వాళ్లు మోకరించిన గదే.

సహాయ కాపరి జార్జ్ మిచెల్ అలా బయటపడినవాళ్లలో ఒకడు. తన సహచరుడు లూయిస్ బ్రూసార్డ్ పక్కన లేడని గమనించి మళ్లీ లోపలికి వెళ్లాడు. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పడి ఉండగా దొరికారు. కాపరి బిల్ లార్సన్ కిటికీ చువ్వల మధ్య ఇరుక్కుపోయాడు. అతని దేహాన్ని గంటల తరబడి ఎవరూ దించలేదు. అది వీధిలోకి కనిపిస్తూనే ఉంది. ఫోను పెట్టేశాక తలెత్తి ఆ అంతస్తు కిటికీల వైపు చూశాను. అక్కడి నుంచి ఫుట్‌పాత్ ఎంతో దూరం లేదు.

మొత్తం 32 మంది చనిపోయారు. సంఘ సభ్యుల్లో దాదాపు మూడో వంతు ఆ రాత్రి పోయారు. చనిపోయినవాళ్లలో ఒకే ఒక్క స్త్రీ, ఐనెజ్ వారెన్. గే కొడుకులిద్దరితో కలిసి వచ్చింది. ముగ్గురూ పోయారు. కాగితాల్లో ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1973లో ఒక తల్లి ఆదివారం సాయంత్రం కొడుకులిద్దరి వెంట అక్కడికి వచ్చి కూర్చుంది.

నేరం ఎవరి మీదా రుజువు కాలేదు, ఒక్కరినీ కోర్టుకు తీసుకురాలేదు. అనుమానం ఎవరి మీద పడిందో ఆ మనిషి మరుసటి ఏడాది చనిపోయాడు. అయితే మంట కంటే దాని తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కుదిపింది. పది నెలలు సర్వే చేసినా ఊరిని అంత బాగా తెలుసుకోలేం, చావు దగ్గర తెలిసిపోతుంది. రేడియోలో ఒకడు వీళ్ల బూడిదను పళ్ల సీసాల్లో పెట్టి పాతిపెట్టాలన్నాడు. గే మనుషులను 'ఫ్రూట్' అని తిట్టడం అక్కడి వాడుక, అదీ ఆ హాస్యం. లార్సన్ తల్లి కొడుకు అస్థికలు తీసుకోనంది. కొన్ని శవాల కోసం అసలు ఎవరూ రాలేదు. ఫెరిస్ లెబ్లాంక్ అనే రెండో ప్రపంచ యుద్ధ సైనికుణ్ణి అనాథ శవాల శ్మశానంలో పాతిపెట్టారు. అతను అలా పోయాడని ఇంటివాళ్లకు తెలిసింది 2015లో.

ట్రాయ్ పెరీ వెంటనే విమానంలో వచ్చి దిగాడు. ఆ ఏడాది జనవరిలోనే లాస్ ఏంజెలెస్‌లో వాళ్ల సొంత చర్చి కూడా తగలబడింది. ఇప్పుడు ఇక్కడ ప్రార్థన పెట్టుకోవడానికి చోటు అడిగితే చర్చి తర్వాత చర్చి కాదన్నాయి. సెయింట్ జార్జ్ ఎపిస్కోపల్ చర్చి ఫాదర్ విలియం రిచర్డ్‌సన్ మాత్రం మర్నాడే తలుపు తెరిచాడు. ఎనభై మంది వరకు వచ్చారట. అందుకు పై బిషప్ నుంచి చీవాట్లు, జనం నుంచి ద్వేషంతో నిండిన ఉత్తరాలు అందుకున్నాడు. పెద్ద ఆరాధన జులై 1న రాంపార్ట్ వీధిలోని సెయింట్ మార్క్స్ మెథడిస్టు చర్చిలో జరిగింది.

అక్కడికీ వెళ్లాను. ఇబర్‌విల్ నుంచి ఎండలో అరగంట నడక. దారిలో షికోరి కలిపిన కాఫీ తాగాను. మన ఫిల్టర్ కాఫీకి దూరపు చుట్టంలా ఉంది. చర్చి తాళం వేసి ఉంది, వారం మధ్యలో ఎవరుంటారు? మెట్ల మీద కూర్చున్నాను. 1960లో ఈ ఊరి బడిలో ఆరేళ్ల నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్‌ను చేర్చుకున్నందుకు దాదాపు తెల్లవాళ్లంతా పిల్లలను మాన్పించినప్పుడు, తన కూతురి చేయి పట్టుకుని ఆ గుంపు మధ్యలోంచి బడికి నడిపించిన లాయిడ్ ఫోర్‌మన్ ఈ చర్చి కాపరే. పదమూడేళ్ల తర్వాత తలుపు తెరిచింది కూడా ఇదే చర్చి అయిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. కొన్ని సంఘాలకు మొదటిసారి భయం పోయాక రెండోసారి తేలికవుతుంది.

ఆ రోజు ఆరాధన ముగిసేసరికి వీధికి అటువైపు టీవీ కెమెరాలు ఉన్నాయని కబురు వచ్చింది. టీవీలో ముఖం కనబడితే ఉద్యోగం పోయే కాలం. పక్క తలుపు ఒకటి ఉంది, కావలసినవాళ్లు అటునుంచి వెళ్లవచ్చని పెరీ చెప్పాడు. ఒక్కరూ అటు వెళ్లలేదని చెబుతారు. అందరూ ముందు తలుపులోంచే వీధిలోకి నడిచారట. నేను లేచి ఆ పక్క తలుపు ఏదై ఉంటుందా అని చర్చి చుట్టూ చూశాను. ఎందుకో అది చూడాలనిపించింది.

ఆ తర్వాత కథ నెమ్మదిగా నడిచింది. ఫుట్‌పాత్ మీద ఫలకం 2003లో వేశారు. కాథలిక్ ఆర్చ్‌బిషప్ 2013లో విచారం తెలిపారు. నగర కౌన్సిల్ 2022లో క్షమాపణ తీర్మానం చేసింది. అప్పటికి 49 ఏళ్లు.

రాత్రి హోటల్లో ఉండగా మనవరాలు మళ్లీ ఫోను చేసింది. "నీ నీడ పడి పేర్లు సరిగ్గా రాలేదు తాతయ్యా. ఇంకొకసారి తీస్తావా?" తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే అల్లుడు కారును వీధి చివర ఆపాడు. ఈసారి నీడ పడకుండా ఇటువైపు కూర్చుని వరస వరసగా తీశాను. అల్లుడు నీళ్ల సీసాతో ఫలకం కడిగిపెట్టాడు. అడగకుండానే.

చిత్తడి వంతెన మీదికి వచ్చాక అతనికి ఒక సంగతి చెప్పాను. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పనిది.

మా వీధి చివరింటి అబ్బాయి ఒకడు సండే స్కూల్లో నా దగ్గరే చదివాడు. కంఠత వాక్యాలు వాడిలా తడుముకోకుండా చెప్పినవాళ్లు లేరు. పందొమ్మిదో ఏట ఇల్లు విడిచి విజయవాడ వెళ్లి హిజ్రాల్లో కలిశాడు. కలిసింది అనాలి. ప్రతి క్రిస్మస్‌కు చీర కట్టుకుని వచ్చి చర్చి గేటు బయట నిలబడి పాటలు వినేది, లోపలికి వచ్చేది కాదు. ఒక వర్షాకాలంలో జ్వరంతో చనిపోయింది. భూస్థాపన ఆరాధన చేసి మన సమాధుల తోటలో చోటివ్వమని తల్లి వచ్చి అడిగింది. కమిటీ కూర్చుంది. ఇవ్వకూడదు అని నోటితో అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఇవ్వమనడానికీ లేదు. చివరికి ఒక పెద్దమనిషి నా వైపు తిరిగి, "పుస్తకం చూడండి, చందా సంగతి ఏమిటి?" అన్నారు.

నెలకు అయిదు రూపాయలు. ఆరేళ్లు కట్టలేదు. 360 రూపాయల బాకీ అని చదివాను. బాకీ ఉన్నవారికి తోటలో చోటు లేదన్నది నిబంధన. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ 360 నా జేబులో ఉన్నాయి. పంచాయతీ శ్మశానంలో హిజ్రాలే పెట్టె మోసి, మన కీర్తనలే పాడి పాతిపెట్టారట. నేను వెళ్లలేదు.

అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. వంతెన అయిపోవచ్చాక అడిగాడు.

"ఆ తల్లి ఉన్నారా మామయ్యగారూ?"

"ఉంది. ప్రతి ఆదివారం వెనక వరసలో కూర్చుంటుంది. చందా ఒక్క నెల కూడా బాకీ పెట్టదు."