నేటాల్ వెళ్ళిన తెలుగు కూలీ సొంతూరు వెతకాలంటే

దక్షిణాఫ్రికాలో డర్బన్ వైపు తెలుగు మూలాలున్నవాళ్ళు ఎవరైనా పరిచయమైతే కాసేపటికే వచ్చే ప్రశ్న ఒకటుంది. "మా ముత్తాత అప్పల్‌సామి, వైజాగ్ నుంచి వచ్చాడట. ఆయన ఊరేదో కనుక్కోగలరా?" అంటారు. మనవాళ్ళు కూడా ఉత్సాహంగా ఆ పేరూ ఆ జిల్లా పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో వాకబు మొదలుపెడతారు. ఉత్తరాంధ్రలో అప్పలస్వామి లేని ఊరేది? ఈ పనిలో పేరు ఆఖర్న అక్కరకొస్తుంది. ముందు దొరకాల్సింది నంబరు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అక్కణ్ణుంచి 1911 దాకా ఒప్పందం మీద నేటాల్ (డర్బన్ ఉన్న ఆనాటి బ్రిటిష్ వలస) చెరకు తోటలకీ, రైల్వేకీ, బొగ్గు గనులకీ వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళే. దిగిన ప్రతి మనిషికీ, చంకలో ఉన్న బిడ్డకి కూడా, ఒక వరుస నంబరు వేశారు. దాన్ని కలోనియల్ నంబర్ అంటారు. యజమాని మారినా, పేరు స్పెల్లింగు పదిరకాలుగా మారినా ఆ మనిషికి ఆ నంబరే. ఒప్పందం పూర్తయిందన్న కాగితం మీదా, పెళ్ళి నమోదులోనూ, పుట్టిన పిల్లల నమోదులో తల్లిదండ్రుల పేర్ల పక్కనా అదే కనిపిస్తుంది.

కాబట్టి వెతుకులాట ఇక్కణ్ణుంచి కాదు, అక్కణ్ణుంచి మొదలవ్వాలి. బతికున్న పెద్దల నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్తూ జనన, వివాహ, మరణ పత్రాలు తీయించాలి. కంప్యూటర్లో కొట్టిన చిన్న సర్టిఫికెట్ చాలదు. అసలు రిజిస్టరు పేజీ నకలు అడగాలి, ఎందుకంటే నంబరు ఉండేది పేజీ మీదే. ఫ్యామిలీసెర్చ్ సైట్లో నేటాల్ మరణ రికార్డుల స్కాన్లు ఉచితంగానే చూడొచ్చు. ఆస్తి అంటూ ఏమైనా వదిలి పోయినవాళ్ళకైతే పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఎస్టేటు ఫైలు ఉంటుంది. అందులో డెత్ నోటీస్ అనే ఫారం ఒక్కటి చేతికొస్తే చాలు: తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, భార్య లేదా భర్త, పిల్లలందరి పేర్లు ఒకే కాగితం మీద ఉంటాయి. అయితే దాన్ని నింపించింది చాలాసార్లు కొడుకో, పక్కింటివాడో. అందుకే "పుట్టిన చోటు" దగ్గర "ఇండియా" అనో "మద్రాస్" అనో రాసి వదిలేసి ఉంటుంది. మద్రాస్ అంటే ఓడ ఎక్కిన రేవు. దాన్ని సొంతూరనుకుని చెన్నై వీధుల్లో తిరగక్కర్లేదు.

దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్‌కి నార్స్ అనే ఆన్‌లైన్ సూచిక ఉంది. ఇండియన్ ఇమ్మిగ్రేషన్ శాఖ ఫైళ్ళు అందులో రెండు ఐ అక్షరాల కోడ్‌తో కనిపిస్తాయి. కూలీల రక్షకుడు, అంటే ప్రొటెక్టర్, ఆఫీసుకి వచ్చిన ఫిర్యాదులు, పెళ్ళి తగాదాలు, పాసు దరఖాస్తులు అన్నీ అక్కడే. పేరుతో వెతికితే దొరకనివి నంబరు కొడితే ఫైలు శీర్షికలోనే తగులుతుంటాయి.

నంబరు వచ్చిందని సంబరపడేముందు దాన్ని తేదీతో సరిచూడాలి. 1860 నుంచి 1866 వరకు వచ్చినవాళ్ళు 6,445 మంది. ఆ తర్వాత 1874 దాకా ఓడలే లేవు. తిరిగొచ్చిన కూలీలు జీతాల ఎగవేత మీద, కొట్టడం మీద ఫిర్యాదులు చేశాక విచారణ సంఘం వేసి, షరతులు మార్చి గానీ మళ్ళీ పంపలేదు. కాబట్టి "మా తాత 1870లో వచ్చాడు" అని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే ఆ ఏడు తప్పన్నా అయుండాలి, ఆయన ఒప్పంద కూలీ కాకపోయి అన్నా ఉండాలి. 1911 జులై తర్వాతి తేదీ చెప్పినా అంతే. నంబరు ఆరు వేల లోపుంటే 1866కి ముందు మనిషి. లక్ష దాటితే ఇరవయ్యో శతాబ్దం మనిషి. చేతిరాతలో ఒకటీ ఏడూ, మూడూ ఎనిమిదీ కలిసిపోతాయి. ఒక్క అంకె తేడా వస్తే మీ తాత బదులు ఇంకో ఓడలో వచ్చిన బిహారీ మనిషి తగులుతాడు. ఇక "మావాళ్ళు మొదటి ఓడలోనే వచ్చారు" అనే మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అందరినీ నమ్మితే ట్రూరో బయల్దేరిన చోటే మునిగేది.

సొంత ఖర్చుతో టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన వ్యాపారులకి, వాళ్ళ గుమాస్తాలకి ఈ నంబరు ఉండదు. వాళ్ళ దారి వేరు.

నంబరు ఖాయమయ్యాక ఓడ జాబితా చూడాలి. అసలు రిజిస్టర్లు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని ఎక్కించిన డేటాబేస్ క్వాజులు-నేటాల్ యూనివర్సిటీ గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా అందుబాటులో ఉంది. డేటాబేస్‌లో దొరికిన వరుసని అసలు పేజీతో పోల్చకుండా ముందుకు పోవద్దు. టైపు చేసినవాళ్ళకి మన ఊళ్ళ పేర్లు తెలియవు కదా. వరుసలో ఉండేవి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, మగా ఆడా, కులం, జిల్లా, ఠాణా లేదా తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు, ఎవరి దగ్గర పనికి పెట్టారో ఆ యజమాని పేరు. కొన్నిటికి చివర్న వ్యాఖ్య: చనిపోయాడు, ఇండియా తిరిగి వెళ్ళాడు. ఆ వ్యాఖ్య ముందు చదవండి. ఇండియాకి తిరిగొచ్చేసినవాడు డర్బన్ కుటుంబానికి ముత్తాత ఎలా అవుతాడు? అక్కడ బిడ్డల్ని వదిలి వస్తే తప్ప కాలేడు.

మీ మనిషి వరుస ఒక్కటే చూసి ఆపకండి, పైనా కిందా పదేసి వరుసలు చదవండి. భార్యా పిల్లలూ సాధారణంగా పక్క నంబర్లలో ఉంటారు. ఒకే ఊరి నుంచి నలుగురు కలిసి బయల్దేరితే వాళ్ళూ అక్కడే ఉంటారు. మీ మనిషి ఊరి పేరు చదవడానికి రాకపోతే పక్కవాడి ఊరు దారి చూపిస్తుంది. భార్య అక్కడ లేకపోయినా కంగారక్కర్లేదు. వందమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలన్నది నియమం, అంటే చాలామంది మగవాళ్ళు ఒంటరిగానే వెళ్ళారు, పెళ్ళిళ్ళు అక్కడే జరిగాయి. ముత్తవ్వ నంబరు వేరు, ఓడ వేరు, ఒక్కోసారి భాషే వేరు. ఆమె వైపు వెతుకులాట మొదట్నుంచీ విడిగా చేసుకోవాల్సిందే.

వయసు నమ్మొద్దు. 20, 25, 30 అంటూ గుండ్రంగా రాసేశారు. అయిదేళ్ళు అటూఇటూ పట్టించుకోకండి. తండ్రి పేరు మాత్రం బంగారం. యజమాని పేరు కూడా పనికొస్తుంది: రేనాల్డ్స్ సోదరుల తోట అయితే ఉమ్‌జింటో వైపు, హ్యూలెట్ టీ తోట అయితే కియర్స్‌నీ, డర్బన్ మున్సిపాలిటీ అయితే మ్యాగజైన్ బ్యారక్స్. ఆ చోటి పెళ్ళి, చావు రికార్డులు వెతుక్కోవచ్చు. ఒప్పందం అయిదేళ్ళు. మరో అయిదేళ్ళు ఉంటే తిరుగు ఓడ ఉచితం. 1895 చట్టం తర్వాత ఒప్పందంలోకి వచ్చినవాళ్ళలో గడువు తీరాక తిరిగి వెళ్ళకుండా, మళ్ళీ ఒప్పందం రాయకుండా ఉండిపోయినవాళ్ళు ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. 1914లో ఎత్తేసేదాకా ఆ పన్ను తాలూకు రశీదులూ కేసులూ ఉన్నాయి. దిగిన ఏడుకి అయిదు కలిపి, పది కలిపి ఆ సంవత్సరాల ఫైళ్ళు తిరగేస్తే చాలు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళ వంతు. ఇక్కడే డర్బన్‌వాళ్ళు ఆగిపోతారు, ఇక్కడే మనం నిజంగా సాయపడగలం.

మొదట జిల్లా. జాబితాలోది ఆనాటి జిల్లా. "గంజాం" అని ఉంటే వెంటనే ఒడిశా అనుకుంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట అన్నీ గంజాం జిల్లావే. ఆపైన విశాఖ జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. "నార్త్ ఆర్కాట్" అని ఉంటే తమిళుడని తీర్మానించేవాళ్ళు ఎక్కువ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు, కాళహస్తి, పుంగనూరు అన్నీ అందులోవే. గుడియాత్తం, వేలూరు వైపు కూడా తెలుగిళ్ళకి కొదవ లేదు. కాబట్టి తాలూకా చూడందే భాష చెప్పకూడదు. "కిస్ట్నా" అని ఉంటే అది గుంటూరు కూడా కావచ్చు, గుంటూరు జిల్లా విడిపోయింది 1904లో. "గోదావరి" అంటే రెండు గోదావరులూ. తెలంగాణ నిజాం రాజ్యం కింద ఉంది కనక ఈ జాబితాల్లో చాలా తక్కువ.

తర్వాత ఊరు. ఓడ ఎక్కేముందు కూలీల్ని ఉంచే మద్రాసు డిపోలో కూలీ చెప్పింది విని గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు, అది చూసి నేటాల్‌లో ఇంకొకడు ఎత్తి రాశాడు. అంటే రెండుసార్లు చెయ్యి మారింది. ఆనాటి రాతలో యు అక్షరం చాలాచోట్ల మన "అ". కడపని సి-యు-డి-డి అని మొదలుపెట్టింది అందుకే. రెండు ఓలు "ఊ", రెండు ఈలు "ఈ". చివర పుల్లీ, పెల్లీ, పిల్లీ అని ఉంటే పల్లి. పోలియం, పాల్లెం అంటే పాలెం. వుల్సా అంటే వలస. ఒ, వొ తేడా ఉండదు. ళ, ల, ణ, న అన్నీ ఒకటే. ఒక్కోసారి మొదటి అక్షరమే ఎగిరిపోతుంది కూడా.

ఊహకి ఒక వరుస తీసుకుందాం: జిల్లా విజగపటం (అంటే విశాఖపట్నం), తాలూకా గజపతినగరం, ఊరు "బుండాపుల్లీ". యు బదులు "అ" పెడితే బండపల్లి. గజపతినగరం చుట్టూ అలాంటి పేర్లు చూస్తే బొండపల్లి తగులుతుంది, ఇప్పుడది మండల కేంద్రం కూడా. తాలూకా లేకుండా ఊరు పేరొక్కటే ఉండి, అది కొత్తవలసో, కొత్తపల్లో, గొల్లపాలెమో అయితే ఆశ వదులుకోవాలి, లేదా పక్క వరుసల్లోని తోటివాళ్ళ ఊళ్ళతో ముడిపెట్టి వెతకాలి. కేంద్ర ప్రభుత్వం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లా, మండలం వారీగా ఊళ్ళ జాబితా దింపుకోవచ్చు. పాత తాలూకా పరిధిలో ఇప్పుడున్న మండలాలన్నీ కలిపి, అనుమానం ఉన్న పేరుని గట్టిగా పైకి చదువుతూ పోల్చండి. కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది.

పేర్లు ఇక్కడ అక్కరకొస్తాయి. అప్పలస్వామి, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న ప్రాంతం. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి వైపు. కోటయ్య అంటే కోటప్పకొండ చుట్టుపక్కల. మునస్వామి, మునెమ్మ అంటే చిత్తూరు, ఆర్కాటు. ఇవి సాక్ష్యం కావు, ఊరి మీద రెండు అనుమానాలున్నప్పుడు ఒకవైపు మొగ్గడానికి పనికొస్తాయంతే. "నాయుడూ" చూసి మాత్రం ఏమీ తేల్చకండి. నేటాల్ గుమాస్తా తండ్రి పేరునో బిరుదునో ఇంటిపేరుగా రాసేయడంతో ఒకే తల్లి పిల్లలు రెండు వేర్వేరు ఇంటిపేర్లతో స్థిరపడిన కుటుంబాలున్నాయి. అసలు ఇంటిపేరు ఓడ జాబితాలో దాదాపు ఉండదు. అది డర్బన్‌లో ముసలమ్మల నోట ఉంటే ఉండాలి, గోత్రంతో పాటు పెళ్ళి పీటల మీద చెప్పుకునే మాటగా. అడగాల్సింది వాళ్ళనే, అదీ ఇవాళే.

ఊరు ఖాయమైందనుకున్నాక ఇక్కడి రికార్డుల మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1899లో, కాబట్టి 1870లో పుట్టిన కూలీకి జనన పత్రం వెతకడం దండగ. భూమి ఉన్న కుటుంబమైతే తహసీల్దారు ఆఫీసులో పాత భూమిశిస్తు లెక్కల రీసెటిల్మెంట్ రిజిస్టరు, మనవాళ్ళు డైగ్లాట్ అనేది, అడగొచ్చు. జమీందారీ ఊళ్ళయితే, అంటే విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, కాళహస్తి ఎస్టేట్లయితే, అదీ ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సెటిల్మెంట్ రిజిస్టరే దిక్కు. పైగా ఓడ ఎక్కినవాళ్ళలో భూమి లేనివాళ్ళే ఎక్కువ. డీఎన్‌ఏ పరీక్ష అంటారా, మన పల్లెల్లో ఆ కిట్లు వాడినవాళ్ళు బహు తక్కువ. దాంతో కలిసేది డర్బన్‌లోనే ఉన్న ఇంకో కుటుంబం. ఒకే ఓడలో వచ్చిన అన్నదమ్ముల సంతానమని తేలితే అదీ లాభమే.

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు మొదట కూర్చోవాల్సింది రచ్చబండ దగ్గర కాదు, జాబితాలో రాసిన కులం వాళ్ళ వీధిలో పెద్దవాళ్ళ దగ్గర. తండ్రి పేరు, ఇంటిపేరు ముందే చెప్పేయకూడదు. "మీ తాతల కాలంలో ఓడెక్కి పోయినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగి, వాళ్ళంతట వాళ్ళు ఏ పేరు చెబుతారో వినాలి. ముందే చెబితే మర్యాద కోసం ఔననేస్తారు, మీరు సంతోషంగా తప్పు ఇంట్లో భోంచేసి వస్తారు. పాత కాగితాలు, ఫోటోలు తీస్తూ విదేశీ మనిషి దిగితే పొలంలో వాటా అడగడానికొచ్చారన్న అనుమానం రెండో నిమిషంలో పుడుతుంది. భూమి ఊసు కోసం రాలేదని వీఆర్వో ఎదురుగానే మొదటి మాటగా చెప్పించండి, ఆ తర్వాతే ఓడ జాబితా నకలు బయటికి తీయండి.