మాత్ర రాసే ముందు అడిగిన ప్రశ్నలు

డిస్క్ ఆపరేషన్ అయ్యాక కూడా నా ఎడమ కాలు నొప్పి తగ్గలేదు. పిర్ర దగ్గర మొదలై పిక్క మీదుగా బొటనవేలి దాకా జివ్వుమని లాగేది, ఆర్టీసీ డ్రైవర్‌ని కదా, క్లచ్ తొక్కాలంటేనే భయమేసేది. మామూలు మాత్రలకు లొంగకపోయేసరికి పెయిన్ క్లినిక్‌కి వెళ్లాను.

ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర రాసే ముందు డాక్టరమ్మ ఒక కాగితం తీశారు. ఓపియాయిడ్ రిస్క్ టూల్ అంటారట, అంటే ఓపియాయిడ్లకు, అదే నల్లమందు తరహా నొప్పి మందులకు, మనిషి బానిసయ్యే ప్రమాదం ఎంతో మార్కులేసి చూసే ప్రశ్నల కాగితం. ఇంట్లో ఎవరికైనా తాగుడు, మత్తు అలవాటు ఉందా, నాకుందా, వయసెంత, డిప్రెషన్ లాంటివి ఉన్నాయా, చిన్నప్పుడు ఎవరైనా లైంగికంగా వేధించారా... ఒళ్లు మండింది. కాలు నొప్పికి, ఈ ప్రశ్నలకీ ఏం సంబంధమని మొహం మీదే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. "ఈ మందు మొదలుపెట్టే ప్రతి ఒక్కరినీ అడుగుతామండీ" అని కాగితం నా వైపు తిప్పారు. మా నాన్న తాగి తాగి లివర్ పాడై పోయారు, మగవాళ్లకి దానికి 3 మార్కులు. వయసు 16-45 మధ్యలో ఉంది కాబట్టి ఇంకో 1. మొత్తం 4. మూడు వరకు ఉంటే రిస్క్ తక్కువ, 4 నుంచి 7 మధ్యస్థం, 8 ఆపైన ఎక్కువ.

ఇక మందు ఇవ్వరేమోనని టెన్షన్ పడ్డాను. ఇచ్చారు, కాకపోతే వారానికి సరిపడా మాత్రమే. స్ట్రిప్ మా ఆవిడ దగ్గర ఉండాలి, ఇంకెక్కడా రాయించుకోకూడదు, అప్పుడప్పుడు యూరిన్ టెస్ట్, మగత వస్తుంది కాబట్టి స్టీరింగ్ ముట్టుకోకూడదు. కొన్ని వారాలు వాడితే ఎవరి ఒళ్లైనా దీనికి అలవాటు పడుతుందని, అది వ్యసనం కాదని, నొప్పి లేకున్నా మనసు మాత్ర మీదకే పోతుంటే, డోసు దాటుతుంటే వెంటనే చెప్పమని చెప్పారు. అంత ఓపిగ్గా నాకెవరూ చెప్పలేదు.

ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం, అదే మత్తుమందులను కట్టడి చేసే చట్టం, కిందికి తెచ్చారు. అయినా చీటీ అడగకుండా చేతిలో పెట్టే షాపులు నేను చూశాను, నాకు కోపమొచ్చేది అక్కడే. మార్కులు తక్కువ వచ్చినవాళ్లకైనా అలా దొరికితే ప్రమాదమే కదా.

ఫిజియోథెరపీతో బలం వచ్చాక డోసు మెల్లగా తగ్గించారు. మధ్యలో చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఫోన్ చేస్తే ఇంకా నెమ్మదిగా తగ్గిద్దామన్నారు. మాత్రలు పూర్తిగా ఆపాకే డ్యూటీ ఎక్కాను. నొప్పి మొత్తం పోలేదు, పొద్దున వ్యాయామాలు మానితే సాయంత్రానికి పిక్క పట్టేస్తుంది.