అయిదేళ్ల పిల్లవాడి ధైర్యం ఎక్కడిది?

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరిప్రదక్షిణకు బయలుదేరేవారిని ఒకసారి గమనించండి. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు దిగి వచ్చినవారు, ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న అవ్వలు, చంటిపిల్లను భుజాన వేసుకున్న తల్లులు. అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి 32 కిలోమీటర్లు. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. నడవగలమా అని ఎవరూ సమావేశం పెట్టుకోరు. గోవిందా అని అడుగు వేస్తారు, అంతే.

ఇదే మనుషులలో ఎందరో మర్నాడు పై అధికారి గది గుమ్మం దగ్గర తడబడతారు. న్యాయంగా రావలసిన సెలవు అడగడానికి నోరు పెగలదు. పెళ్లివారి ముందు, బ్యాంకు మేనేజరు ముందు, ఆంగ్లం బాగా మాట్లాడే సహోద్యోగి ముందు గొంతు ఆరిపోతుంది. రాత్రంతా నడిపించిన ధైర్యం పొద్దున్నే ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్నకు జవాబు సింహాద్రి అప్పన్న కథలోనే ఉందని నాకు అనిపిస్తుంది. హిరణ్యకశిపుడు కొడుకును కొండ మీది నుంచి తోయిస్తే స్వామి వచ్చి కాపాడిన చోటు ఇదేనని స్థలపురాణం. ఆ తండ్రీకొడుకుల వాదాన్ని పోతన భాగవతం సప్తమ స్కంధంలో రెండు కంద పద్యాలలో ఎదురెదురుగా నిలబెట్టాడు. మొదటిది తండ్రిది. నేను బలవంతుణ్ణి, సేనల తోడు లేకుండానే మహాబలులను గెలిచాను, నువ్వు ఎవరి బలం చూసుకుని నాకు ఎదురు మాట్లాడుతున్నావు అని గద్దిస్తాడు. దానికి ప్రహ్లాదుడి జవాబు:

బలయుతులకు దుర్బలులకు
బల మెవ్వడు నీకు నాకు బ్రహ్మాదులకున్
బల మెవ్వడు ప్రాణులకును
బల మెవ్వం డట్టి విభుడు బల మసురేంద్రా!

బలమున్నవారికీ లేనివారికీ, నీకూ నాకూ, బ్రహ్మాదులకూ, సమస్త ప్రాణులకూ ఎవడు బలమో ఆ ప్రభువే నాకు బలం అంటున్నాడు.

ఈ రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. ఆత్మవిశ్వాసం పేరుతో ఇవాళ మనకు దొరికే సలహాల్లో సగం హిరణ్యకశిపుడి పద్యానికి దగ్గరగా ఉంటాయి. అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ణి అనుకో, నాకెవరి సాయం అక్కరలేదనుకో, గెలుస్తాననుకో. ఆయన అనుకోవడమే కాదు, నిజంగానే గెలిచాడు, మూడు లోకాలూ చేతిలో ఉన్నాయి. అయినా ఇంట్లో అయిదేళ్ల పిల్లవాడు కాదన్నందుకు నిలవలేకపోయాడు. నేను అందరికంటే మిన్న అన్న నమ్మకం మీద నిలబడేవాడికి ఒక్కడు ఒప్పుకోకపోయినా కాళ్ల కింద నేల కదులుతుంది. అందుకే వాడికి చుట్టూ తలలూపేవారు కావాలి. ఇలాంటివారి కింద పనిచేసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ప్రహ్లాదుడు ఎక్కువ తక్కువల జోలికే పోలేదు. నా దేవుడు నీకంటే బలవంతుడు, చూసుకో అనలేదు. తనను చంపించబోయిన తండ్రిని కూడా తనతోపాటే లెక్కలో కలిపాడు. నిన్ను నిలబెట్టేదీ నన్ను నిలబెట్టేదీ ఒకటే అన్నప్పుడు ఎదుటివాడి కుర్చీ ఎత్తు చూసి భయపడడానికి ఏముంది? చిన్నచూపు చూడడానికి మాత్రం ఏముంది? చివర అసురేంద్రా అని తండ్రి హోదాకు తగిన మర్యాదా తప్పలేదు. మెత్తగా మాట్లాడితే లోకువ అవుతామనే వారికి ఈ పద్యం చూపించాలి.

బలయుతులు, దుర్బలులు ఇద్దరూ ఒకే వాకిట నిలబడడం సింహగిరి మీద కంటికి కనబడే విషయం. గజపతులతో యుద్ధంలో గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో రాణులతో కొండకు వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. ఆ గెలుపులో ఆయన వంగిన వాకిట్లోనే ఇవాళ ఫీజు కట్టలేని విద్యార్థి నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

ప్రదక్షిణ దారిలో వీధి వీధినా మజ్జిగ, మంచినీళ్లు, అరటిపళ్లు పంచుతారు. అందుకున్నంత మాత్రాన నడక తక్కువైపోయిందని ఎవరూ అనుకోరు. కార్యాలయంలో మాత్రం తెలియనిది పక్కవారిని అడగడానికి సిగ్గుపడతాం. అడిగితే చేతకానివాడినని తేలిపోతుందని భయం. బలం అనేక చేతుల మీదుగా వస్తుందని ఒప్పుకున్నవాడికి ఆ సిగ్గుతో పనిలేదు.

అయితే దేవుడి మీద భారం వేసి చదవకుండా కూర్చోమని దీని అర్థం కాదు. ఏమి చదివావని తండ్రి అడిగినప్పుడు ప్రహ్లాదుడు చెప్పిన జవాబు, విశాఖలో ఐటీ కంపెనీలున్న రుషికొండ, మధురవాడల్లో ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు బట్టీ పట్టదగినది. ‘చదివించిరి నను గురువులు’ అని మొదట గురువులకు దక్కవలసింది దక్కించాడు. ధర్మార్థ శాస్త్రాలు చదివానన్నాడు. ఇంకా చాలా చదివానన్నాడు. ఆ తరువాతే ‘చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ’ అని గట్టిగా అన్నాడు. లేనిపోని వినయంతో తగ్గించుకోలేదు, పునాది లేకుండా పెంచుకోలేదు. మీ గురించి చెప్పండి అన్న ప్రశ్నకు ఇంతకంటే పొందికైన జవాబు నేను వినలేదు.

భయం సంగతీ చూడాలి. స్తంభం నుంచి వెలువడిన నరసింహుడి ఉగ్రరూపం దగ్గరికి బ్రహ్మాది దేవతలు వెళ్లలేకపోయారు, లక్ష్మీదేవి సైతం వెనుకాడింది. పిల్లవాడు వెళ్లి పాదాల మీద పడ్డాడు. అక్కడ అతడు నాకు భయమే లేదని చెప్పలేదు. నీ గోళ్లూ కోరలూ చూసి వెరవను, సంసార దావాగ్నికి వెరతును అన్నాడు. దేనికి భయపడాలో తేల్చుకున్నాడు కనుక మిగిలినవాటికి భయపడే తీరిక లేకపోయింది. మాట తడబడుతుందేమో, నలుగురూ నవ్వుతారేమో అని మనం బెదిరే సందర్భాల్లో ఈ లెక్క వేసుకుంటే నిజంగా వెరవవలసినవి బహుశా ఒకటో రెండో మిగులుతాయి. అబద్ధం చెప్పడం ఒకటి, మన కళ్లముందు జరిగే అన్యాయానికి తలూపడం ఇంకొకటి.

అంతా ముగిశాక స్వామి వరం కోరుకోమన్నాడు. తనను పాముల చేత కరిపించి, ఏనుగుల చేత తొక్కించి, కొండ మీది నుంచి తోయించిన తండ్రి చనిపోయి ఎదురుగా పడి ఉన్నాడు. ప్రహ్లాదుడు ఆయన కోసమే అడిగాడు. నిన్ను నిందించిన పాపం నా తండ్రికి అంటకుండా చెయ్యమన్నాడు. నీ వంటి కొడుకు పుట్టిన ఇంట 21 తరాలవారితో సహా మీ తండ్రి ఎప్పుడో పవిత్రుడయ్యాడని, వెళ్లి ఆయనకు ఉత్తరక్రియలు జరిపించమని స్వామి సెలవిచ్చాడు.