పికార్డ్ పేకాటకి వచ్చిన ఎపిసోడ్

కెప్టెన్ పికార్డ్ లోపలికొచ్చి ఈ పూట నేనూ ఆడొచ్చా అన్నాడో లేదో, నాకు మళ్ళీ కళ్ళు నిండిపోయాయి. డైలాగులన్నీ కంఠతా వచ్చు, అయినా ఇవాళ కూడా అంతే.

ఇది అంతరిక్ష నౌక కథ చెప్పే టీవీ సిరీస్ స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ ఆఖరి ఎపిసోడ్, 1994ది. రెండో సీజన్ నుంచీ ఆఫీసర్లు పేకాడుకుంటూనే ఉన్నారు, కెప్టెన్ మాత్రం ఒక్కసారి కూడా వాళ్ళతో ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. అందుకే ఆయన్ని చూడగానే ఆయన కింది ఆఫీసర్ రైకర్ ఏమైనా సమస్యా అని అడుగుతాడు, సరదాకి వచ్చుంటాడని వాళ్ళకి తట్టనే తట్టదు!

ఈ ఎపిసోడ్‌లో పికార్డ్ గతానికీ భవిష్యత్తుకీ మారిపోతూ ఉంటాడు, కానీ ఈసారి నన్ను పట్టేసింది గతంలో జరిగే భాగం. పికార్డ్ అప్పుడే షిప్‌లో చేరాడు, సిబ్బందికి ఆయన ఎలాంటివాడో తెలీదు, కారణం చెప్పకుండా వాళ్ళని ప్రాణాలకి తెగించమనాలి, ఆయనకేమో వాళ్ళు ఒక్కొక్కరూ ముందుముందు ఏమవుతారో మొత్తం తెలుసు. షిప్ భద్రత చూసే టాషా చనిపోతుందని కూడా. షటిల్‌లో ఆమె పక్కనే కూర్చుని మాట రాక అలా చూస్తుండిపోతాడే, పికార్డ్‌గా వేసిన పాట్రిక్ స్టూవర్ట్ కళ్ళతోనే చెప్పేశాడు అంతా.

దీని రచయితలు మూర్, బ్రాగా ఆ రోజుల్లోనే స్టార్ ట్రెక్ జనరేషన్స్ సినిమా కూడా రాశారు. నాకైతే ఈ ఎపిసోడే దానికన్నా ఎన్నో రెట్లు మిన్న.

ఇంకా చూడనివాళ్ళు ఉంటే 1987లో వచ్చిన మొదటి ఎపిసోడ్ చూసి మరీ దీనికి రండి, క్యూ అనే అపార శక్తులున్న జీవి మానవజాతి మీద పెట్టిన విచారణ మొదలయ్యేది అక్కడే.