దసరాకు ముందు పాలపిట్ట పాఠం: నా అనుభవం

గాయపడిన వన్యప్రాణులకు చికిత్స చేసి, కోలుకున్నాక తిరిగి వాటి తావుల్లో వదిలిపెట్టే ఒక సంరక్షణ కేంద్రంలో, వరంగల్ సమీపంలో నేను స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. దసరా వెళ్ళగానే మా వద్దకు చేరే పాలపిట్టలను చూసిన తరువాత, పండుగకు ముందే ఊళ్ళలోకి వెళ్ళి మాట్లాడకపోతే ఈ బాధ తగ్గదని నాకు గట్టిగా అనిపించింది.

విజయదశమి నాడు జమ్మిపూజ చేసి పాలపిట్టను చూడటం శుభమని మన నమ్మకం. దానిని ఆసరాగా చేసుకొని కొందరు ముందుగానే పిట్టలను పట్టి, ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరించి లేదా జిగురు పూసి, పంజరాల్లో పెట్టి ఇంటింటికీ తిప్పుతూ డబ్బులు అడుగుతారు. కత్తిరించిన ఈక మన గోరు వలె పెరగదు. పాత ఈక రాలి కొత్తది వచ్చే కాలం దాకా ఆ పిట్ట ఎగరలేదు. తీగ మీదో ఎండుకొమ్మ మీదో కూర్చొని, నేల మీద కదిలే మిడతను, పురుగును చూసి దూకి పట్టుకొనే పక్షి అది. అన్ని నెలలు దానిని బోనులో బతికించడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికే తెలుసు.

బడుల్లో మాట్లాడటానికి అనుమతి కోసం విద్యాశాఖకు, చట్టం గురించి వివరించే అధికారి కోసం అటవీశాఖకు దరఖాస్తులు పెట్టాము. ఒక కార్యాలయంలో మా కాగితం చాలాకాలం కదలలేదు. చెప్పబోయే పాఠం నకలును పూర్తిగా జతచేసి ఇచ్చాకే సంతకం అయింది. తెలంగాణలో బతుకమ్మ నుంచే బడులకు సెలవులు కాబట్టి, ఆ ఆలస్యం మమ్మల్ని చాలా కలవరపెట్టింది.

ఒక పిట్టను వెంట తెస్తే పిల్లలు బాగా వింటారని కొందరు ఉపాధ్యాయులు కోరారు. నేను ఒప్పుకోలేదు. చికిత్సలో ఉన్న పక్షికి జనం గుమిగూడటమే పెద్ద భయం. పైగా పంజరంలో చూడవద్దని చెప్పడానికి పంజరంలోనే పిట్టను తీసుకుపోవడం నాకు తప్పుగా తోచింది. పెద్ద ఛాయాచిత్రాలతోనే పాఠం చెప్పాము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రాష్ట్ర పక్షిని పట్టడం, బంధించడం నేరమని అటవీ అధికారి స్పష్టంగా చెప్పారు. అయితే పిల్లల ప్రశ్నలు వేరే దిక్కుకు వెళ్ళాయి. చెట్టు కింద పడిన పిల్లపిట్టను ఏమి చేయాలని ఎక్కువ మంది అడిగారు. ఈకలు వచ్చి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్నదని, కుక్కలకు, పిల్లులకు అందకుండా దగ్గరి పొద మీద ఉంచి దూరం జరగాలని, మనిషి ముట్టుకున్నంత మాత్రాన తల్లి దానిని వదిలేయదని చెప్పాను. గాయమైతే గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేనిచోట ఉంచి మాకో అటవీ సిబ్బందికో తెలపాలి. పాలు పట్టకూడదు, ముక్కులో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు.

అయినా అసలు దారి చూపింది బడి అరుగు మీద కూర్చొని విన్న ఒక పెద్దాయన. "మా చిన్నతనంల పాలపిట్టను చూసెటందుకు చేన్ల పొంటి పోయెటోళ్లం బిడ్డా, ఇప్పుడు దాన్నే మన గడప కాడికి పట్కొస్తున్రు" అన్నారు. ఆ మాటతో మా పాఠం మారింది. పట్టవద్దని చెప్పడంతో ఆగకుండా, తమ ఊరిలో పాలపిట్ట ఎక్కడెక్కడ వాలుతుందో ఉదయం పూట గమనించి రాయమని పిల్లలకు పని ఇచ్చాము. పత్తిచేను గట్టు మీది కరెంటు తీగ, చెరువుకట్ట పక్కన మోడు, బోరుబావి దగ్గరి స్తంభం అంటూ వారు పట్టిక తెచ్చారు. ప్రధానోపాధ్యాయులు దానిని పంచాయతీ గోడకు అంటించారు.

పండుగ నాడు ఆ ఊరివారు చాలామంది జమ్మి దగ్గరి నుంచి నేరుగా చేల వైపు నడిచారు. పంజరంతో వచ్చిన మనిషికి డబ్బులివ్వకుండా, మహిళలే అటవీ సిబ్బందికి ఫోన్ చేశారు. ఇప్పుడు పక్క మండలం ఉపాధ్యాయులు అదే పాఠం అడుగుతున్నారు. ఈసారి దరఖాస్తులు వానాకాలం మొదట్లోనే పెట్టాము.