బతికున్న రొయ్యని గుచ్చనంది

"అమ్మా, ఇది బతికే ఉంది. నేను గాలానికి గుచ్చను" అంది మా తొమ్మిదేళ్ళ అమ్మాయి. అరచేతిలో అంగుళం పొడుగు రొయ్య. ఒళ్ళంతా గాజు, కళ్ళ వెనక తలలో మాత్రం నల్లటి మచ్చ. "రొయ్యకి నొప్పేం తెలుస్తుందే" అనేశాను. ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

ఇక్కడ ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది పొడుగునా బ్లూగిల్, రెడ్ ఇయర్ లాంటి చిన్న చేపలకి గ్రాస్ ష్రింప్‌ని, అంటే నీటిగడ్డిలో ఉండే ఈ చిన్న రొయ్యని, మించిన ఎర లేదని నా నమ్మకం. వానపాము ఎక్కడైనా పనిచేస్తుంది, నిజమే. కానీ ఈ రొయ్యలు ఆ చేపల రోజువారీ తిండి. నాచులో అవి వెతుక్కునేదే మనం చేతికందిస్తున్నాం. అడుగున నత్తగుల్లలు కొరుక్కుతినే రెడ్ ఇయర్ వానపాముని వదిలేసిన రోజు కూడా దీన్ని వదలదు.

ఈ రొయ్యల్ని పట్టడం పిల్లలకి నచ్చే పని. పొడుగు పిడి, మూడు మిల్లీమీటర్లు మించని కళ్ళు, ముందువైపు బల్లపరుపుగా ఉన్న అంచు, ఇలాంటి వల కావాలి. మోకాలి లోతు నీళ్ళలో మొక్కలు ఒత్తుగా ఉన్నచోట వలని అడుగునుంచి పైకి, మొక్కల్ని కుదుపుతూ లాగాలి. పైపైన తోడితే నాచు తప్ప ఏమీ రాదు. వచ్చినదాన్ని తెల్లటి ట్రేలో దులిపితే, కనిపించని రొయ్యలు ఎగిరెగిరి వాటంతటవే బయటపడతాయి. గట్టుమీద నుంచో, చెక్క వంతెన మీద నుంచో వెయ్యండి, పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి. రొయ్యలుండే గడ్డిలోనే ఎలిగేటర్లూ ఉంటాయి.

ఎక్కువమంది తప్పు చేసేది తర్వాతే. బకెట్‌లో నిలవనీళ్ళు పోసి వంద రొయ్యలు వేసి ఎండలో పెడతారు. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యలకేమో ఇంకా ఎక్కువ కావాలి. చూస్తుండగానే పాలరంగులోకి తిరుగుతాయి. అంటే చచ్చిపోయాయన్నమాట. కుళాయినీళ్ళు ఇంకా ప్రమాదం. రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోవచ్చు, దానిలాగే కుళాయినీళ్ళు శుద్ధి చెయ్యడానికి కలిపే క్లోరమిన్ పోదు. పట్టినచోటి నీళ్ళే పోసి, గుప్పెడు నాచు వేసి, బ్యాటరీతో బుడగలు వదిలే చిన్న పంపు పెట్టి నీడలో ఉంచాలి. బకెట్ కంటే నాకు నచ్చేది ఐస్‌పెట్టె. అడుగున గడ్డకట్టిన నీళ్ళసీసా, దానిమీద మందపాటి గుడ్డ, ఆపైన తడి నాచులో రొయ్యలు. మొప్పలు తడిగా, ఒళ్ళు చల్లగా ఉంటే గంటల తరబడి బతుకుతాయి. ఐస్‌కి నేరుగా మాత్రం తగలకూడదు.

కొక్కెం ఎనిమిదో నంబరో పదో నంబరో, సన్నటి తీగతో కాడ పొడుగున్నది కావాలి. పిల్లలున్నప్పుడు కొక్కెం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని పటకారుతో నొక్కేస్తాను. రొయ్యని తలకీ వీపుకీ మధ్య రెండువేళ్ళతో పట్టుకుని, తోకరెక్కకి కొంచెం ముందు కింద్నుంచి పైకి గుచ్చాలి. ఆ నల్లటి మచ్చకి తగిలిందా, అక్కడికక్కడే చస్తుంది. తోకలో గుచ్చితే వెనక్కి ఎగురుతూ ఉంటుంది, చేపని పిలిచేది ఆ కదలికే. దారం నాలుగు పౌండ్ల బరువు ఆపేది, కొక్కేనికి జానెడు పైన ఒక్క చిన్న సీసపు గుండు, సన్నటి బెండు చాలు. లావు గుండ్రటి బెండు పెడితే, లాగేటప్పుడు బరువు తెలిసి చేప ఎరని ఉమ్మేస్తుంది. బెండు కదలగానే ఎత్తండి. ఆలస్యమైతే బ్లూగిల్ కొక్కేన్ని గొంతుదాకా మింగేస్తుంది. అలా మింగితే లాగకుండా దారం కత్తిరించండి.

ఇవన్నీ నేర్పగలను, గుచ్చమని మాత్రం ఎలా నేర్పను? ఎండ్రకాయలు, రొయ్యల జాతిని కూడా బాధ తెలిసే ప్రాణులుగా లెక్కించాలని బ్రిటన్ 2022లో చట్టమే చేసింది. నేనేమో పిల్ల నోరు మూయించడానికి అంత నమ్మకంగా అబద్ధమాడాను. ఆదివారం రొయ్యలవేపుడు పెట్టి "తినకుండా పారేస్తే పాపం" అనేదాన్నీ నేనే. అప్పుడు ప్రాణమని ఒప్పుకున్నదాన్ని, కొక్కెం దగ్గర ఎందుకు ఒప్పుకోలేదు? బతికున్నదే గుచ్చాలన్న నా పట్టుదలా సరికాదు. అప్పుడే చచ్చినదాని తోక ఒలిచి పెట్టినా బ్లూగిల్ తింటుంది, కాకపోతే రెడ్ ఇయర్ కాస్త తక్కువగా వస్తుంది.

మిగిలినవాటి దగ్గర మళ్ళీ చిక్కు. "వదిలేద్దాం" అంటుంది మా అమ్మాయి. అక్కడే పట్టినవైతే అక్కడే వదలొచ్చు. కొన్నవైనా, ఇంకో చెరువువైనా వదలకూడదు, లేని జాతులు, రోగాలు పాకుతాయి. వలకి చిక్కుకున్న హైడ్రిల్లా అనే నీటికలుపు తునక ఒక్కటి చాలు, ఇంకో చెరువు నిండిపోవడానికి. కాపాడాలనుకునే పిల్లకి, వదలడం కూడా హానే అని చెప్పాల్సొచ్చింది. ఈసారి అబద్ధం చెప్పలేదు, కానీ తన మొహం చూడలేకపోయాను.

ప్రస్తుతానికి తనకో పని ఇచ్చాను. పొట్టకింద గుడ్లు మోస్తున్నవాటిని ట్రేలోంచి ఏరి నీళ్ళలో వదలడం. నాకంటే ముందే కనిపెడుతుంది. ఇప్పుడు ఎర, బెండు, గాలం అన్న మాటలు ఇంగ్లీషు కలపకుండా అంటోంది. ఏది గుచ్చాలో నువ్వే ఇవ్వు అన్నాను ఓసారి. "నువ్వే తీసుకో, నేను అటు తిరుగుతా" అంది. తను అటు తిరిగేదాకా ఆగి తీసుకుంటున్నాను.